పాత జైలును పెంచాలంటే ముందు ఏం చూడాలి?

మలక్‌పేట ఆర్కి అడిగిన ప్రశ్న:
నమస్తే. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఆఖరి ఏడాది చదువుతున్నాను. థీసిస్‌కి 250 మంది పట్టే ఒక జిల్లా జైలును తీసుకున్నాను. దాన్ని 600 మందికి పెంచాలి. గోడ లోపల ఖాళీ స్థలం ఉంది. 1876లో కట్టిన చంచల్‌గూడ జైలు గోడ పక్కనుంచే రోజూ కాలేజీకి వెళ్తాను కానీ లోపల ఎప్పుడూ చూడలేదు. జైళ్ళకు కేంద్రం ఇచ్చిన నమూనా నియమావళి, మోడల్ ప్రిజన్ మాన్యువల్ 2016 చదివి, బ్యారక్‌కి 20 మంది, రాత్రిపూట పదిమందికో టాయిలెట్ లెక్కన అన్నీ గీసేశాను. మా గైడ్ "ఇది హాస్టల్ ప్లాన్, జైలు ప్లాన్ కాదు" అని తిప్పి పంపారు. జైలు రోజంతా ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారా?

పాత వార్డర్:
బిడ్డా, నేను ముషీరాబాద్ జైల్ల వార్డర్‌గా చేరిన. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న జాగ అదే, 2003ల ఆసుపత్రి అక్కడికొచ్చింది. తర్వాత చర్లపల్లి, రెండు జిల్లా జైళ్ళు చేసి హెడ్ వార్డర్‌గా రిటైరైన. మీ సారు చెప్పింది నిజమే. బ్యారక్ అంటే రాత్రి పండుకునే జాగ. జైలు నడిచేది గేటు కాడ.

పొద్దుగాల కోర్టుకు పోయేటోళ్ళ పేర్లు పిలుస్తరు. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు సరిచూసి ఎస్కార్ట్ పోలీసులకు అప్పజెప్పాలె. సాయంత్రం ఆ మందంత తిరిగొస్తరు, వాళ్ళెంబడి కొత్త రిమాండ్ ఖైదీలు. వారంటు చూసుడు, తనిఖీ, ఒంటి మీద దెబ్బలుంటే డాక్టర్ రాసుడు, సామాన్లు మూటగట్టి చీటీ అంటించుడు, గివన్నీ రెండు తలుపుల నడుమ ఉన్న జాగలనే. బయటి తలుపు తెరిస్తే లోపలిది మూసి ఉండాలె, అదే పద్ధతి.

నేను చేసిన ఒక జిల్లా జైల్ల రెండు బ్యారక్‌లు కొత్తగ కట్టిన్రు, గేటు మాత్రం పాతదే ఉంచిన్రు. రాత్రి తొమ్మిది దాటినా ఆ నడుమ జాగల మనుషులు నేల మీద కూసోని ఉండేటోళ్ళు. బువ్వ చల్లారిపోయేది. ఒకరోజు షుగరున్న ముసలాయన కూసున్నకాడనే ఒరిగిండు. నోట్లె చక్కెర వేసి లేపినం, బతికిండు. ఆయన చెయ్యి నా చేతిల ఎంత సల్లగున్నదో ఇప్పటికీ యాదికుంది.

రెండోది నీళ్ళు. పొద్దుగాల తాళాలు తీయంగనే అందరు ఒక్కపారే నల్లల కాడికి ఉరుకుతరు. నేను ఆపిన కొట్లాటల్ల చానా మట్టుకు అక్కడివే. ఆ ఒక్క గంటకు సరిపడ నల్లలు, ట్యాంకు చూపియ్యి.

ఇంకోటి, కట్టే రెండేండ్లు లోపలోళ్ళను ఏడ పెడతవు? వరంగల్‌ల 1886 నాటి సెంట్రల్ జైలు జాగ 2021ల పెద్దాసుపత్రికి ఇచ్చిన్రు. కొత్త జైలు లేవకముందే ఖైదీలను చర్లపల్లికి, ఖమ్మానికి, ఇంకా వేరే జైళ్ళకు పంపిన్రు. ఆసుపత్రి కావాల్సిందే, కాదనను. కాని వరంగల్ తల్లి కొడుకును చూసుకోవాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సి వచ్చె. నువ్వు ముందు గేటు గీయి, తర్వాత సగం బ్యారక్‌లు. మనుషులు అందులకు మారినంకనే పాతవి ముట్టు.

ఉప్పుగూడ అక్క:
మా తమ్ముడు ఏడు నెలలు రిమాండ్‌ల ఉండె. ములాఖత్‌కు, అంటే తమ్ముణ్ణి కలిసి మాట్లాడెటందుకు, పొద్దుగాల పేరు రాపిస్తే మధ్యాహ్నం పిలిచేటోళ్ళు. అందాక చంటిపిల్లతోని ఎండల నిలబడేదాన్ని. కూసునే బల్ల లేదు, ఆడోళ్ళకు బాత్రూం లేదు. లోపల జాలీకి ఇవతల పదిమందిమి, అవతల పదిమంది, అందరం ఒక్కతీర్గ అరిచేది. తమ్ముడు ఏమంటున్నడో మూతి చూసి పోల్చుకున్న. నీకు దండం పెడత చెల్లె, గోడ బయట మా అసుంటోళ్ళకు కూడ ఇంత నీడ గీయి.

నాంపల్లి లాయర్:
600 అన్న అంకె ఎక్కడిదో కూడా థీసిస్‌లో అడగండి. 2022 ఆఖరుకి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్ళే. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష గానీ జీవిత ఖైదు గానీ పడే నేరం కాకపోతే, ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్ళను గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిచాక బాండు మీద వదలాలి. వేరే కేసులుంటే అది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. జామీను డబ్బు కట్టలేని పేదలకు కేంద్ర పథకం కింద సాయం ఉంది. ఆ కాగితాలు కదలాలంటే లీగల్ ఎయిడ్ గది, వీడియో కాన్ఫరెన్స్ గదులు గేటు దగ్గరే ఉండాలి. నాకు ఒకచోట స్టోర్ రూములో బియ్యం బస్తాల పక్కన కుర్చీ వేశారు.

మలక్‌పేట ఆర్కి:
అక్కా, మీరు చెప్పింది చదివాక మొత్తం షీటు చెరిపేశాను. వార్డర్ సార్, రెండు తలుపుల మధ్య ఎంత జాగ వదలమంటారు?

పాత వార్డర్:
ఎనభైమంది బల్లల మీద కూసునేటట్టు చూడు. పక్కనే డాక్టర్ గది, రెండు తనిఖీ గదులు, మరుగుదొడ్డి, తాగే నీళ్ళు. ఆడోళ్ళకు మొదటి నుంచే వేరే దారి పెట్టు. ఆరేండ్ల దాకా పిల్లలు తల్లితోని ఉండొచ్చు. ఆ పసిపిల్లలు మగోళ్ళ లైను నడుమకెళ్ళి నడవద్దు. గీసినంక ఈడ పెట్టు బిడ్డా, చూసి చెప్త.