సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో సకినాలు: కొలతలు చెప్పండి

హన్మకొండ నుంచి:
ఈసారి పిల్లల్ని కూసోబెట్టి సకినాలు చుట్టిద్దామనుకుంటున్నం. ఇదే మొదటిసారి. కిలో బియ్యానికి కొలతలు చెప్తరా? తెగిపోకుండా ఏం చెయ్యాలె?

జనగామ నుంచి:
అక్కా, కొత్తబియ్యమే తీసుకోండి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి మీదనే గిర్నీ పట్టించి జల్లించాలె. పొడిపిండికి జిగురు రాదు, అందుకే తెగుతయి. కిలోకు పావుకిలో నువ్వులు, రెండు చెంచాల ఓమ (వాము), సరిపడా ఉప్పు. నీళ్లు కొద్దికొద్దిగా పోసి మెత్తగా కలపండి. పిండి మీద తడిగుడ్డ కప్పాలె, ఆరిందంటే చుట్టు రాదు.

పరకాల నుంచి:
పిల్లలకు మూడు చుట్లు చాలు. నూలుబట్ట మీద చుడితే తడి గుంజుకుంటది. తడి గుంజుకోకముందే తీస్తే విరుగుతయి. నూనెల కాల్చేది మాత్రం పెద్దోళ్లే, మధ్యమంట మీద.