మూడేళ్ల పాపకి నాన్న తప్ప ఎవరూ అక్కర్లేదు, ఇది మామూలేనా?

పాపాయి అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకి ఈమధ్యే మూడేళ్లు నిండాయి. కొన్నాళ్లుగా అన్నిటికీ నాన్నే కావాలి. స్నానం నాన్నే చేయించాలి, అన్నం నాన్నే పెట్టాలి, రాత్రి నేను పక్కన పడుకుంటే కాళ్లతో తోసేసి "నువ్వు అటు పో, నాన్న రావాలి" అంటుంది. పొద్దున ఆయన బైక్ తాళాలు చేతిలోకి తీసుకున్న చప్పుడు వినపడితే చాలు గుమ్మం దాకా పరిగెత్తి ప్యాంటు పట్టుకుని వేలాడుతుంది, ఆయనేమో ఏడుపు చూడలేక వెనక తలుపులోంచి చప్పుడు చేయకుండా జారుకోవడం మొదలుపెట్టారు, అప్పట్నుంచీ ఇంకా ముదిరింది, ఇప్పుడు ఆయన బాత్రూమ్‌కి వెళ్లినా బయట తలుపు కొడుతూ కూర్చుంటుంది. మా అత్తగారు "ఆడపిల్లకి నాన్నంటేనే ప్రాణం, దానికి నువ్వెందుకు మొహం మాడ్చుకుంటావ్" అని నవ్వుతారు. మా ఆడపడుచు ఏదో యూట్యూబ్ వీడియో చూసి ఇది ఎలక్ట్రా కాంప్లెక్స్ అంట, అంటే ఆడపిల్ల నాన్న కోసం అమ్మతో పోటీ పడడమట, ఇప్పుడే తుంచకపోతే పెద్దయ్యాక అమ్మంటే పడదు అని భయపెట్టింది. ఉద్యోగం మానేసి దాన్ని ఒళ్లో పెట్టుకుని పెంచింది నేను. మరి నేనంటే ఎందుకు పడట్లేదు?

బాలశిక్ష:
అమ్మా, నేను చైల్డ్ డెవలప్‌మెంట్ చదువుకుని చిన్నపిల్లలతోనే పనిచేస్తున్నా, నాకు తెలిసింది చెప్తా. ముందు ఆ ఎలక్ట్రా సంగతి వదిలేయండి. ఆ పేరు 1913లో యుంగ్ అనే మనస్తత్వవేత్త పెట్టాడు, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌కే ఆ పేరు నచ్చలేదు, ఇప్పుడు పిల్లల అటాచ్‌మెంట్ (పెంచేవాళ్లతో అనుబంధం) మీద పనిచేసేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు, యూట్యూబ్‌లో మాత్రం బాగా నడుస్తుంది.

పాలిచ్చి పెంచినవాళ్లకే బిడ్డ అతుక్కుంటుంది అని మనందరికీ ఒక లెక్క ఉంది కదా, దాన్ని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అని ఇద్దరు పరిశోధకులు 60 మంది పసిపిల్లల ఇళ్లకి నెలనెలా వెళ్లి చూశారు, 1964లో ఆ రిపోర్ట్ వచ్చింది. ఏడాదిన్నర వచ్చేసరికి నాలుగింట మూడొంతుల మంది పిల్లలు నాన్నకి కూడా అతుక్కున్నారు. అన్నం పెట్టేవాళ్లు ఒకరు, బిడ్డ ఎక్కువ వెతుక్కునేది ఇంకొకరిని అయిన ఇళ్లు కూడా చాలానే ఉన్నాయి. ఎవరు పిలిస్తే పలుకుతారో, ఎవరు ఆడిస్తారో వాళ్ల వైపు మొగ్గు ఎక్కువ. కాబట్టి నాన్నకి అతుక్కుందంటే అమ్మ దగ్గర ఏదో తగ్గిందని కాదు.

ఇంకోటి, మీ అత్తగారికి చెప్తే ఒప్పుకోరేమో. 1977లో మైఖేల్ లాంబ్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలనలో రెండో ఏట అమ్మకంటే నాన్న వైపు ఎక్కువ మొగ్గింది మగపిల్లలే, ఆడపిల్లలు మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా ఉన్నారు. చిన్న పరిశీలనే, అయినా "ఆడపిల్ల అంటే నాన్నకూచి" అన్నది పుట్టుకతో రాసిపెట్టి ఉన్న రూలేం కాదు.

ఆ వెనక తలుపు మాత్రం ఇవాళే బంద్ చేయించండి. నాన్న ఎప్పుడు మాయమవుతాడో తెలీకపోతే పిల్ల రోజంతా కాపలా కాస్తుంది, బాత్రూమ్ తలుపు కొట్టడం అదే. ఎదురుగా నిలబడి "ఆఫీస్‌కి వెళ్తున్నా, నువ్వు సాయంత్రం పాలు తాగేటప్పటికి వస్తా" అని చెప్పి వెళ్లాలి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, మీరు ఎత్తుకోండి. తోసేసినా పక్కనే కూర్చోండి. జ్వరం వచ్చినప్పుడు, పడి మోకాలు గీరుకున్నప్పుడు ఎవరి దగ్గరికి వస్తుందో ఒకసారి గమనించండి.

మాటలు వెనకపడినా, ఇద్దరిలో ఎవర్నైనా చూసి బెదిరిపోతున్నా అప్పుడు పిల్లల డాక్టర్‌కి చూపించాలి. మీరు రాసిందాంట్లో నాకు అలాంటిదేం కనపడలేదు.

ఉప్మా వద్దు:
సైన్స్ సరే గానీ మా ఇంటి లెక్క చెప్తా. పళ్లు తోమడం, చిక్కు తియ్యడం, మందు తాగించడం, గోళ్లు కత్తిరించడం, టీవీ కట్టేయడం అన్నీ నావి. పైకెగరేసి పట్టుకోవడం, ఐస్‌క్రీమ్, బండి మీద రౌండ్ ఆయనవి. ఇక పిల్ల ఎవర్ని అడుగుతుందండీ? నేనే దాని ప్లేస్‌లో ఉంటే నేనూ నాన్నే కావాలంటా 😂 ఒకరోజు చిరాకేసి దువ్వెన ఆయన చేతికిచ్చి నేను బాల్కనీలో కూర్చున్నా. మొదటి రోజు రెండు పిలకలు, ఒకటి చెవి మీద ఇంకోటి నడినెత్తిన, పిల్ల అరుపులకి పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి చూసి పోయింది. ఇప్పుడు జడ వేయించుకోడానికి నా దగ్గరికి వస్తోంది మహారాణి.

జగిత్యాల టు షార్జా:
అక్కా, మీ బాధ సూస్తే నాకు కుళ్లు పుడుతుంది, ఏమనుకోకుండ్రి. మా బిడ్డ పుట్టినప్పుడు నేను ఈడనే ఉన్న. లీవ్ మీద ఇంటికి పోయేసరికి అది నడుస్తుంది. నన్ను సూసి వాళ్లమ్మ కొంగు ఎనక దాక్కున్నది. నేను మంచం మీద పక్కపొంటి కూసుంటే, అది ఫోన్ తీసుకొని ఆ నల్ల స్క్రీన్‌కు ముద్దు వెట్టి "డాడీ డాడీ" అంటుంది. డాడీ అంటే దానికి ఫోన్లనే ఉంటడు మరి. వాళ్ల నానమ్మ "ఎత్తుకోకు, ముందు దాని ముంగట కూసొని ఆడుకో" అన్నది, అట్లనే చేసిన, గిన్నెలు బోర్లేసి కొడుతుంటే అదే వచ్చింది. మల్లా నేను వాపస్ వచ్చే టైముకు సూట్‌కేస్ మీద ఎక్కి కూసున్నది. వీడియో కాల్ తోని ఏమన్న ఫాయిదా ఉంటదా సార్, లేకుంటే ఫోన్ పిచ్చి పట్టిస్తున్ననా?

బాలశిక్ష:
తమ్ముడూ, కాల్ మానొద్దు. ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని 2016లో చెప్పిన అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే అవతల మనిషి తిరిగి పలుకుతాడు. ఊరికే "ముద్దు పెట్టు, టాటా చెప్పు" అనకుండా అక్కడ మీరు గిన్నె కొట్టండి, ఇక్కడ అది కొడుతుంది. మీ నానమ్మగారు చెప్పింది, సారీ, పాప నానమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

పాపాయి అమ్మ:
అందరికీ థాంక్స్, ఆయనకి మొత్తం చదివి వినిపించా. దువ్వెన ఇస్తే తీసుకుంటారో లేదో చూడాలి. ఇంకో డౌట్ అండి, వచ్చే నెల ఆయనకి బెంగళూరులో వారం ట్రైనింగ్ ఉంది. ఇప్పట్నుంచే పాపకి చెప్తూ ఉండాలా?

బాలశిక్ష:
వద్దు, మూడేళ్లవాళ్లకి వచ్చే నెల అంటే ఏంటో తెలీదు, ఊరికే రోజూ అడుగుతుంది. ముందు రోజు చెప్పండి, బ్యాగ్ సర్దేటప్పుడు సాక్సులు దాని చేతే పెట్టించండి. ఎన్ని నిద్రలయ్యాక వస్తాడో క్యాలెండర్ మీద చూపించి పొద్దున్నే ఒక్కోటి కొట్టేయించండి. కాల్ మాత్రం సరిగ్గా పడుకునే టైమ్‌కి పెట్టకండి, సాయంత్రం ఆడుకునేటప్పుడు చేయమనండి.