మొదటి ప్రీఆంప్ వాల్వ్‌గా ముల్లార్డా, టెలిఫంకెనా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నా గిటార్ ఆంప్‌లో మొదటి ప్రీఆంప్ వాల్వ్‌గా (గిటార్ సిగ్నల్‌ను మొదట పెంచే గాజు గొట్టం) కొత్త 12ఏఎక్స్7 ఉంది. గెయిన్ పెంచితే సన్నతీగల మోత చెవిలో గుచ్చుకుంటోంది. ఇక్కడ పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర రెండు ఈసీసీ83లు దొరికాయి. అదే వాల్వ్, యూరప్ పేరు. ఒకటి ముల్లార్డ్ కంపెనీది. రెండోది టెలిఫంకెన్ కంపెనీది, అడుగున పిన్నుల మధ్య గాజులో డైమండ్ గుర్తు కూడా ఉంది. ఆంప్ తీసుకెళ్లి పెట్టి చూశాను గానీ, షాపులో వాల్యూమ్ పెంచే వీల్లేదు. పెన్సిల్‌తో మెల్లగా తడితే ముల్లార్డ్ స్పీకర్‌లో ‘టింగ్’మంటోంది, టెలిఫంకెన్ నిశ్శబ్దంగా ఉంది. అయినా మనసు ముల్లార్డ్ మీదే ఉంది, మిడ్స్ (మధ్యస్థాయి స్వరాలు) నిండుగా వినిపించాయి. అలా మోగేదాన్ని ఫేజ్ ఇన్వర్టర్‌లో (పవర్ వాల్వ్‌లకు సిగ్నల్‌ను రెండుగా విడదీసే చోట) పెట్టుకోవచ్చా? ఓవర్‌డ్రైవ్‌లో (గెయిన్ బాగా పెంచి శబ్దం చిట్లేలా వాయిస్తే) ఈ రెండింటి తేడా నిజంగా తెలుస్తుందా? లేక గెయిన్ 100 బదులు 70 ఉండే 5751 వాల్వ్ వేస్తే సరిపోతుందా? రెండూ కొనే స్తోమత లేదు. వాయించి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.