‘పశ్చాత్తాపం’, ‘మారుమనస్సు’ ఒకటేనా?

నిన్న ఒకరు ఇక్కడ అడిగారు: "పశ్చాత్తాపం అనే మంచి మాట ఉండగా, తెలుగు బైబిల్లో మారుమనస్సు అని ఇంకో మాట ఎందుకు?" రెండు ముక్కల్లో జవాబు రాయబోయి ఆగిపోయాను. ఇది విడిగా రాయాల్సిన సంగతి.

పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. పని అయిపోయాక లోపల రగిలేది పశ్చాత్తాపం. (చాలామంది త వత్తు వదిలేసి "పశ్చాతాపం" అని రాస్తారు. పశ్చాత్‌లో ఒక త, తాపంలో ఒక త, రెండూ ఉండాలి.) ఈ మాట చూపంతా వెనక్కే.

మారుమనస్సులో ఉన్న ‘మారు’ మనకు మారుపేరు, మారుతల్లి లాంటి మాటల్లో కనిపించేదే. ఇంకొకటి, బదులుగా వచ్చినది అని. ఉన్న మనసు స్థానంలో వేరే మనసు రావడం. గ్రీకులో ఉన్న ‘మెటానోయియా’ కూడా మనసు మారడాన్నే చెబుతుంది. అంత పెద్ద భావాన్ని ఇంత చిన్న తెలుగు మాటలో ఇమిడ్చినవాళ్ళకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మత్తయి సువార్త తెరవండి. 4వ అధ్యాయంలో యేసు ప్రకటన "మారుమనస్సు పొందుడి" అని మొదలవుతుంది. 27వ అధ్యాయంలో, డబ్బు తీసుకుని యేసును పట్టించిన శిష్యుడు యూదా "పశ్చాత్తాపపడి" ఆ ముప్పై వెండి నాణేలు తిరిగి తెస్తాడు. గ్రీకులోనూ ఈ రెండు చోట్లా మాటలు వేరు. యూదా బాధ దొంగబాధ కాదు. డబ్బు తిరిగి ఇచ్చేశాడు, "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు కూడా. కానీ ఎవరి దగ్గరికి వెళ్ళాడో చూడండి. తనతో బేరం కుదుర్చుకున్న ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్ళేమన్నారు? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." క్షమించే అధికారం లేనివాళ్ళ ముందు ఒప్పుకుని, ఆ జవాబు విని, వెళ్ళి ఉరిపెట్టుకున్నాడు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టుంటుంది.

లూకా 15లో యేసు చెప్పిన కథలో, ఆస్తిలో తన వాటా తీసుకుపోయి పాడుచేసుకున్న తప్పిపోయిన కుమారుడికీ అంతే మంట ఉంది. కానీ "బుద్ధి వచ్చినప్పుడు" అతను అన్న మాట, "నేను లేచి నా తండ్రియొద్దకు వెళ్లి". మంటకు ఒక దారి దొరికింది. పాత నిబంధన హెబ్రీలో ఇందుకు వాడే ‘షూబ్’ అనే క్రియకు అర్థమే తిరిగి రావడం. "మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని" అంటాడు యోవేలు ప్రవక్త, ఆ వెంటనే దేవుని "తట్టు తిరుగుడి" అంటాడు. చింపుకోవడం పశ్చాత్తాపం, తిరగడం మారుమనస్సు. నాకు అర్థమైనది ఇది.

వ్యాఖ్య: బాగుందండీ, కానీ మీరు గీసిన గీత అంత గట్టిగా నిలబడదు. మత్తయి 21లో తండ్రి పని చేయమంటే తోటకు పోనన్న కొడుకు "పిమ్మట మనస్సు మార్చుకొని పోయెను" అని ఉంది. అక్కడ గ్రీకులో యూదాకు వాడిన క్రియే. ఇక యోనా 3:10లో దేవుడే "పశ్చాత్తప్తుడై" అని ఉంది. దేవుడు ఏం తప్పు చేశాడని?

జవాబు: నిజమే, ఒప్పుకుంటున్నాను. అనువాదకులు ఒక మాటకు ఒకే మాట అని లెక్క పెట్టుకోలేదు, సందర్భం చూశారు. ఆ కొడుకు లేచి తోటకు వెళ్ళాడు కాబట్టి అక్కడ పశ్చాత్తాపం సరిపోదనుకుని ఉంటారు. యోనాలో ఉన్న హెబ్రీ మాట ‘నాహమ్’. నొచ్చుకోవడం, జాలిపడటం, ఓదార్పు పొందడం అన్నీ అందులో ఉన్నాయి. యోనా హెచ్చరించిన నీనెవె పట్టణంవాళ్ళు చెడు నడత మానుకోవడం చూసి దేవుడు శిక్ష మానుకున్నాడు. నేనైతే అక్కడ "మనసు కరిగి" అని రాసేవాణ్ణి.

వ్యాఖ్య: మరి ప్రాయశ్చిత్తం?

జవాబు: మంచి ప్రశ్న. మనం మామూలుగా ప్రాయశ్చిత్తం "చేసుకోవడం" అంటాం. చేసిన తప్పుకు మనమే ఏదో చెల్లించడం. కీర్తన 32 మొదటి వచనం చూడండి: "తన పాపమునకు ప్రాయశ్చిత్తము నొందినవాడు ధన్యుడు". చేసుకున్నవాడు కాదు, పొందినవాడు. ఒక్క క్రియ మారేసరికి బరువు మోసే చెయ్యి మారిపోయింది. జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిది కూడా "మారుమనస్సు పొందుడి" అన్న మాట మీదే. విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని క్రీస్తు కోరాడంటాడు.

వ్యాఖ్య: క్షమించడం, మన్నించడం మధ్య కూడా తేడా ఉందా అండీ? ప్రార్థనలో నేను ఎప్పుడూ "మన్నించు తండ్రీ" అనే అంటాను.

జవాబు: అమ్మా, మీరు అడిగిన దాని గురించే రాత్రంతా ఆలోచించాను. క్షమ అంటే ఓర్పు, అందుకే భూమికి కూడా క్షమ అని పేరు. భరించడం అందులోని మూలార్థం. ప్రభువు ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అన్నప్పుడు ఇంకో రంగు వస్తుంది, బాకీ కొట్టేయడం. మత్తయి 18 ఉపమానంలో పదివేల తలాంతులు "అచ్చియున్న" దాసుడున్నాడు. అచ్చియుండడం అంటే బాకీ పడటం, ఇప్పుడు మనం దాదాపు మర్చిపోయిన తెలుగు మాట. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. ఎన్ని జన్మలెత్తినా తీరని బాకీ, యజమాని మొత్తం కొట్టేశాడు.

మన్నించడం ఇంకో మెట్టు పైన ఉంది. ‘మన్నన’ అంటే గౌరవం. "మాట మన్నించాడు" అంటే మాటకు విలువిచ్చాడని. ఒకే మాటలో క్షమా ఉంది, మర్యాదా ఉంది. తప్పిపోయిన కుమారుడు దారిలో మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాడు. పాపము చేసితిని, కుమారుడని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, "నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము". ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తుకొచ్చి మెడమీద పడ్డాడు. కొడుకు మొదటి రెండూ అన్నాడు. మూడోది తెలుగు పాఠంలో అతని నోట రానేలేదు. అప్పటికే తండ్రి ప్రశస్త వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు.

మీరు "మన్నించు తండ్రీ" అనే అనండమ్మా.