రూట్ కెనాల్ తర్వాత నొప్పి: సీలర్ వల్లేనా?

ప్రశ్న: నిన్న కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ పూర్తయింది. మత్తు దిగినప్పటి నుంచి నొప్పే. పై పన్ను ఆనితే చాలు, జివ్వుమంటోంది. నరం తీసేశాక ఇంకా నొప్పేమిటి? బయోసెరామిక్ సీలర్ అయితే నొప్పి ఉండదని చదివాను. నాకు వేసింది రెజిన్ సీలరట. మార్పించుకోవాలా?

జవాబు (దంతవైద్యం చేసేవాణ్ణి): వద్దండీ. తీసింది పన్ను లోపలి నరం. వేరు చుట్టూ పన్నును ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్‌లో నరాలు అలాగే ఉంటాయి. ఇప్పుడు వాచింది అదే. మొదటి 24 నుంచి 48 గంటలు ఎక్కువగా ఉండి, చాలామందికి వారంలో సర్దుకుంటుంది.

సీలర్ అంటే గట్టాపెర్చాకీ (కెనాల్‌లో నింపే రబ్బరులాంటి పదార్థం) కెనాల్ గోడకీ మధ్య సందులు పూడ్చే పేస్టు. గట్టిపడేలోపు ఏ సీలరైనా వేరు కొన దాటితే అక్కడి కణజాలాన్ని కొంత రేపుతుంది. రెజిన్‌నీ బయోసెరామిక్‌నీ పోల్చిన పరిశోధనల్లో, మొదటి ఒకటి రెండు రోజులు బయోసెరామిక్ వాళ్లకి నొప్పి కాస్త తక్కువని కొన్ని చెప్పాయి. చాలావాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నన్నడిగితే పేస్టు పేరు కంటే, చికిత్సకు ముందు మీకెంత నొప్పి ఉందన్నదే ముఖ్యం.

ప్రశ్న: ముందు రెండు రాత్రులు నిద్రే లేదు. ఇంకోటి, ఎక్స్‌రేలో వేరు కొన అవతల ఆవగింజంత తెల్లచుక్క ఉంది.

జవాబు: అది కొన దాటిన సీలరై ఉంటుంది. అంత కొంచెమైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ కింది పెదవి, గడ్డం మత్తు దిగాక కూడా తిమ్మిరిగా ఉన్నా, బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా ఇవాళే వెళ్లండి. నొప్పికి ఐబుప్రొఫెన్ పనిచేస్తుంది. అల్సర్, కిడ్నీ సమస్య, గర్భం, రక్తం పలచబడే మందులు ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి. యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టొద్దు, ఈ నొప్పికి దాంతో పనిలేదు.

ఆనితేనే జివ్వుమంటోంది అన్నారు కదా, ఫిల్లింగ్ ఎత్తుగా ఉందేమో చూపించుకోండి.

ప్రశ్న అడిగినవారు (మూడో రోజు): తిమ్మిరి లేదు. వెళ్లాను. రంగు కాగితం కొరికిస్తే ఫిల్లింగ్ మీద ఒక్కచోటే ముదురు మచ్చ పడింది. అక్కడ కొద్దిగా అరగదీశారు, రెండు నిమిషాల పని. నొక్కితే ఇంకా సలుపుతోంది గానీ, రాత్రి మాత్ర లేకుండానే నిద్రపట్టింది.