మోదుగు చెట్టు గట్ల మీద పెంచినవాళ్లు ఉన్నారా?

గట్టుమీద_రైతు:
మాది మెదక్ వైపు. నల్లరేగడి పొలం, పక్కన కొంచెం చెలక. ఫాల్గుణం వచ్చిందంటే ఇక్కడి చెలకలన్నీ మోదుగు పూలతో నారింజ రంగులో మండిపోయేవి, ఇప్పుడు చాలావరకు ప్లాట్లు అయిపోయాయి. మా గట్టు పొడుగునా పెంచాలని ఉంది. నర్సరీలో అడిగితే గుల్‌మొహర్ తీసుకోమంటున్నారు, ఎక్కడో మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు నాకెందుకు? విత్తనం మంచిదా, మొక్క మంచిదా? నీళ్లు ఎన్నాళ్లు పోయాలి?

అడవిదారి:
అన్నా, నీ నేల దానికి సరిపోతుంది. కామారెడ్డి నుంచి ఆదిలాబాద్ పోయే దారిలో చూడు, టేకు అడవి అంచుల్లో, బీళ్లలో, పశువులు తిరిగే చోటే ఎక్కువ కనిపిస్తుంది. దానికి ఎండ కావాలి, గుబురు అడవి లోపల నీడలో బతకదు. నీళ్లు నిలిచే రేగడి, చౌడు, రాళ్ల నేల, అన్నీ తట్టుకుంటుంది. పశువులు ఆకు పెద్దగా ముట్టవు కాబట్టి మేతకు పోయిన బీళ్లలో మిగతావి పోయినా ఇది మిగులుతుంది.

విత్తనాలమ్మ:
విత్తనమే మంచిది. పల్చటి వెడల్పు కాయ, లోపల చివరన ఒకే ఒక్క గింజ, వేసవిలో ఎండి రాలుతుంది. ఆ ఏడాది గింజే వాడండి, పాతబడితే మొలక సరిగా రాదు. తొలకరి పడగానే నేరుగా గట్టు మీదే నాటండి. తల్లివేరు తొందరగా లోతుకి దిగుతుంది, కవర్‌లో ఎక్కువ కాలం ఉంచితే అది మెలిక తిరిగి తర్వాత మొక్క కోలుకోదు. మొదటి రెండు వేసవులు కాస్త నీళ్లు పోస్తే మంచిది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక కావాలి.

నల్గొండ_పిట్ట:
పూత సమయంలో పొద్దున్నే వెళ్లి చెట్టు కింద నిలబడండి, ఫోన్ పక్కన పెట్టి. ఆకు ఉండదు, వాసన ఉండదు, ఉన్నదంతా రంగూ తేనే. తేనెపిట్టలు, గోరువంకలు, ఏట్రింతలు, పిగిలిపిట్టలు, ఉడతలు అన్నీ వస్తాయి. తేనెపిట్ట పువ్వులో ముక్కు పెట్టినప్పుడు పుప్పొడి దాని తలకి అంటుకుంటుంది, అలా పక్క చెట్టుకి చేరుతుంది. రామచిలుకలు మాత్రం పూలు కొరికి కింద పడేస్తాయి. అడవిలో మిగతావన్నీ ఎండి ఉన్న రోజుల్లో వీటన్నిటికీ తిండి పెట్టేది ఈ చెట్టే, నేను దీన్ని ఇంత గట్టిగా కోరుకునేది అందుకే.

ఇస్తరాకు:
మా అమ్మమ్మ వాళ్లు మోత్కు (మోదుగుని మేం అలాగే అంటాం) ఆకులతోనే విస్తళ్లు కుట్టేవాళ్లు. గట్టు రైతన్నా, ఒక సంగతి గమనించు. ఏటా గొడ్డలితో నరికే మోత్కు నడుం ఎత్తు పొదగానే ఉంటుంది, ఒక్క పువ్వూ పూయదు. చాలామంది దాన్నే చూసి ఇక్కడ మోత్కు చెట్లు లేవు అనుకుంటారు. మీ చెలకలో అలాంటి మొడ్లు తప్పకుండా ఉంటాయి.

అడవిదారి:
ఇది వందశాతం నిజం. నరికినా, తగలబెట్టినా మొదట్లోంచీ వేర్లలోంచీ మళ్లీ పిలకలు వస్తాయి. బలమైన పిలక ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్, చుట్టూ రేగు కంప వెయ్. కింద ముదురు వేరు ఉంటుంది కాబట్టి విత్తనం మొక్క కన్నా చాలా ముందే చెట్టవుతుంది. కొత్తవి నాటడం కంటే ముందు చేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఊళ్లో నలుగురు రైతులు తలా రెండు మొడ్లు వదిలేసినా వరుస మొత్తం లేస్తుంది.

గట్టుమీద_రైతు:
మొడ్లు బోలెడు ఉన్నాయి అన్నా, ట్రాక్టర్‌కి అడ్డమని ఏటా కొట్టేస్తాం. ఈసారి గట్టు పక్కవి కొట్టనివ్వను. హోలీకి పిల్లలు పూలు అడుగుతున్నారు, కోస్తే చెట్టుకి నష్టమా?

విత్తనాలమ్మ:
కోయక్కర్లేదు, రాలినవే బుట్టెడు దొరుకుతాయి. రాత్రి వేడినీళ్లలో నానబెట్టండి, పసుపు నారింజ రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే రంగు ముదురుతుంది, కానీ ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, పిల్లలకైతే సున్నం వద్దు.

కొత్తసభ్యుడు:
పసుపు పూల మోదుగు ఎక్కడైనా ఉందా? లొకేషన్ పెట్టగలరా?

నల్గొండ_పిట్ట:
ఉంది తమ్ముడూ, అరుదుగా. లొకేషన్ మాత్రం పెట్టను, ఎవరూ పెట్టొద్దని బతిమాలుతున్నా. మందులనీ పూజలనీ బెరడు ఒలిచి, వేర్లు తవ్వి చెట్టునే చంపేస్తున్నారు. చూడాలనుంటే పూత కాలంలో రా, నేనే తీసుకెళ్తా.