గుండెపోటు మచ్చ వల్ల లయ తప్పే ముప్పు: ఐసీడీకి ఎందుకు ఆగమంటారు?

ప్రశ్న:
మా నాన్నగారికి ఇటీవల గుండెపోటు వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేశారు. అయితే ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనలో గుండె బయటికి పంపే రక్తం శాతం) 32 శాతమే ఉందని, గుండె కండరంలో మచ్చ మిగిలిందని, దానివల్ల గుండె లయ ప్రాణాపాయకరంగా తప్పవచ్చని డాక్టర్ గారు చెప్పారు. ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసేందుకు శరీరంలో అమర్చే పరికరం) సంగతి మాత్రం మూడు నెలల తరువాత చూద్దామన్నారు. రక్తనాళం తెరుచుకున్నాక కూడా ముప్పు ఎందుకు? ఉంటే, ఆ పరికరాన్ని ఇప్పుడే ఎందుకు అమర్చరు?

సమాధానం 1:
చిక్కంతా మచ్చ అంచుల్లోనే ఉందండి. అక్కడ పీచు కణజాలం మధ్య బతికి మిగిలిన కండర పోగుల గుండా విద్యుత్ సంకేతం నెమ్మదిగా, వంకరటింకరగా సాగుతుంది. అది అవతలికి చేరేసరికి చుట్టుపక్కల కండరం మళ్లీ స్పందించడానికి సిద్ధంగా ఉంటే, సంకేతం అదే దారిలో గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. గుండెపోటు వచ్చిన కొన్నాళ్లకో, ఏళ్లకో కనిపించే వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదుల్లో పుట్టే అతివేగ లయ) చాలావరకు ఇలాగే పుడుతుంది. అది ఫిబ్రిలేషన్‌గా, అంటే ఆ గదులు క్రమం లేకుండా వణికే స్థితిగా, మారితే గుండె రక్తాన్ని పంపలేదు. స్టెంట్ రక్తప్రసారాన్ని తిరిగి తెస్తుంది గానీ, ఏర్పడిన మచ్చను చెరపదు.

సమాధానం 2:
ఆగమనడానికి కారణం ఉంది. బలహీనపడిన కండరమంతా చనిపోయినది కాదు. కొంత తాత్కాలికంగా మొద్దుబారి, మందులతో వారాల్లో కోలుకుంటుంది. అందుకే గుండెపోటు తరువాత కనీసం 40 రోజులు, స్టెంట్ వేస్తే సుమారు మూడు నెలలు ఆగి, మళ్లీ ఎకో తీసి, అప్పటికీ 35 శాతం దాటకపోతే ఐసీడీ గురించి ఆలోచిస్తారు. 2004లో వెలువడిన డినామిట్ అధ్యయనంలో, తొలి 40 రోజుల్లోనే ఐసీడీ పెట్టినవారిలో లయ తప్పి సంభవించే మరణాలు తగ్గినా, మొత్తం మరణాలు తగ్గలేదు. హఠాన్మరణం ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తొలి వారాల్లోనే కాబట్టి ఈ ఫలితం మింగుడుపడనిదే, అయినా నిజం.

ప్రశ్న అడిగినవారు:
అంతవరకు లయను అణచే మందులు వాడవచ్చా?

సమాధానం 2:
గుండె లయ మధ్యలో వచ్చే అదనపు స్పందనలను అణచితే చాలన్న నమ్మకం ఒకప్పుడు ఉండేది. గుండెపోటు వచ్చినవారిపై జరిగిన క్యాస్ట్ అధ్యయనంలో ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే లయ మందులు ఆ స్పందనలను అణచాయి, కానీ మరణాలను పెంచాయి; 1989లో ఆ అధ్యయనంలో ఈ రెండు మందులు ఇవ్వడం ఆపివేశారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల సంగతి వేరు; డాక్టర్ రాసి ఉంటే, వారిని అడగకుండా వాటిని మానవద్దు. పొటాషియం, మెగ్నీషియం తగ్గకుండా చూడాలి. నాన్నగారు స్పృహ తప్పినా, ఉన్నట్టుండి గుండెదడతో కళ్లు తిరిగినా, తదుపరి ఎకో తేదీ వరకు ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అప్పుడు 40 రోజుల లెక్క వర్తించకపోవచ్చు.